మూడో రోజు రక్తం, నాలుగో నెల మాత్ర

ముందే చెబుతున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. రిటైరైన వాళ్ళకు మనసు మెత్తబడుతుందనీ, పాత సంగతులు తలుచుకుని నవ్వుకుంటారనీ అంటారు. చాలా సంగతులకు నేనూ నవ్వుకుంటాను. ఈ ఒక్కదానికి మాత్రం కాదు. పరిశోధన సంస్థల్లో నర్సులుగా, కోఆర్డినేటర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మేడమ్, ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఉద్యోగం బాగానే ఉంటుంది. ఫ్యాను కింద కుర్చీ ఉంటుంది, మెళ్ళో వేసుకోవడానికి కార్డు ఉంటుంది. మిగతాది ఇది చదివి తెలుసుకోండి.

ఆత్మకూరులో ఒక నర్సింగ్ హోములో పద్దెనిమిదేళ్ళు కాన్పులు చూశాను. తర్వాత నగరం నుంచి వచ్చిన ఒక పరిశోధన సంస్థ ఆత్మకూరులో ఇల్లు అద్దెకు తీసుకుని ఆఫీసు తెరిస్తే, అందులో ఫీల్డు నర్సుగా చేరాను. ఉదయగిరి, కలువాయి చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్ళకు ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు గారబట్టిన వాళ్ళు, నడుము వంగిపోయిన వాళ్ళు మాకు కొత్తేమీ కాదు. ఆ నీళ్ళు తాగే తల్లులకు పుట్టిన బిడ్డల్లో థైరాయిడ్ సరిగా పనిచేస్తోందా లేదా అన్నది మా ప్రాజెక్టు తేల్చాల్సిన ప్రశ్న. ప్రశ్న మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను.

థైరాయిడ్ అంటే గొంతు దగ్గరుండే చిన్న గ్రంథి. అది ఇచ్చే హార్మోను తగ్గితే పెద్దవాళ్ళకు నీరసం, ఒళ్ళు రావడం. పసిబిడ్డకు తగ్గితే మెదడే ఎదగదు. పుట్టిన రెండు మూడు వారాల్లో కనిపెట్టి రోజుకు ఒక చిన్న మాత్ర వేస్తే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. ఆలస్యమైన కొద్దీ పోయింది తిరిగి రాదు. ఈ ఐదు వాక్యాలూ మాకు ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు. చివర్లో పెట్టిన పరీక్షలో నేనవి పొల్లుపోకుండా రాశాను. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే.

పని ఇలా ఉండేది. బిడ్డ పుట్టిన మూడో రోజు మడమ మీద చిన్న సూదితో గుచ్చి, అట్టలాంటి కాగితం మీద నాలుగు రక్తపు చుక్కలు తీసుకోవాలి. కాగితం ఆరాక దాని మీద నంబరు వేసి ల్యాబుకు పంపాలి. బిడ్డ పేరు ల్యాబుకు వెళ్ళకూడదు, నంబరే వెళ్ళాలి. ఏ నంబరు ఏ బిడ్డదో రాసిన రిజిస్టరు నా బీరువాలో ఉండేది, తాళంచెవి నా దగ్గర. రక్తంలో ఏముందో ల్యాబు కంప్యూటరులో ఉండేది. అంటే పేరు నా దగ్గర, జబ్బు ల్యాబు దగ్గర. రెండూ ఒకే ఇంట్లో పక్కపక్క గదులు. మధ్య గోడకు ఒక తలుపు కూడా ఉండేది. అది ఎప్పుడూ తెరిచే ఉండేది. టీ కప్పులు అటూ ఇటూ తిరుగుతుండేవి.

ల్యాబులో ఒకే ఒక టెక్నీషియన్. చేజర్ల మనిషి, నా ఈడువాడే. చాలా జాగ్రత్త గల మనిషి. కాగితం మీద చుక్క సరిగా ఇంకకపోతే వెనక్కి పంపి, మళ్ళీ తెమ్మనేవాడు. "సిస్టరమ్మా, ఇది రక్తం, పచ్చిపులుసు కాదు" అనేవాడు. ఆయనంటే నాకు గౌరవం, కొంచెం చిరాకు కూడా.

ఇక ఆ బిడ్డ సంగతి.

ఉదయగిరి దాటాక కొండ కింద, చెరువు గట్టును ఆనుకుని ఇరవై ముప్పై గడపల పల్లె ఒకటి ఉంది. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళూ మగవాళ్ళు చేపలు పడతారు. లేనప్పుడు అందరిదీ కూలిపనే. ఆ పల్లె నుంచి ఒక అమ్మాయి తొలి కాన్పుకు ఉదయగిరి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. ఆడబిడ్డ పుట్టింది. మూడో రోజు పొద్దున్నే నేను సూది, కాగితం, సంతకాల ఫారాలు పట్టుకుని వాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళాను.

ఆ అమ్మాయి తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళు. నా చేతిలో సూది చూడగానే బిడ్డను కొంగుతో కప్పింది.

"ఏంది మే, మొన్న పుట్టిన బిడ్డకు సూదా?"

"నాలుగు చుక్కలే అవ్వా. లోపలేమన్నా జబ్బుంటే తెలుస్తాది."

"తెలిస్తే మాకు చెప్తారా?"

"చెప్పకుండా యాడికి పోతాం అవ్వా?"

ఫారంలో అలా లేదు. ఫారంలో ఉన్నది వేరు. ఫలితాలను అధ్యయనం ముగిశాక మొత్తంగా పరిశీలిస్తామనీ, మీ బిడ్డకు నేరుగా ప్రయోజనం ఉండకపోవచ్చనీ రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పేజీ నేను చదివి వినిపించాలి. మొదటి నెలలో వినిపించాను కూడా. వింటే సగం మంది వద్దనేవాళ్ళు. నెలకు ఇంతమంది బిడ్డలని మాకు లెక్క పెట్టి ఉంటే ఏం చేస్తాం? రెండో పేజీని వేలితో తిప్పేయడం నేర్చుకున్నాను. దాన్ని అబద్ధం అనుకోలేదు. జబ్బు కనిపిస్తే ఎవరైనా చెప్పకుండా ఉంటారా, ఈ ఫారాలు రాసేవాళ్ళకు ఏదో ఒకటి రాయాలి గదా, అనుకున్నాను. అదే నా మొదటి తప్పు. పైవాళ్ళు ఏం రాశారో అదే చేస్తారని నాకు అప్పుడు తెలియదు.

బిడ్డ మడమ గుచ్చాను. కొంచెం మూలిగింది, అంతే. ఆ అమ్మాయి వేలిముద్ర వేయబోతుంటే అవ్వ ఆపి, "ఏడో క్లాసు దాకా చదివినావు గదే, సంతకం పెట్టు" అంది. కూతురు తన పేరు మొత్తం రాసింది.

ఆరు వారాలకు వాళ్ళ ఇంటి నీళ్ళు సీసాలో పట్టుకురావడానికి వెళ్ళాను. అదీ ప్రాజెక్టులో భాగమే. బిడ్డ చీర ఉయ్యాల్లో పడుకుని ఉంది. మధ్యాహ్నం పన్నెండు.

"ఎట్టుండాది పాప?" అన్నాను.

"బంగారం అక్కా" అంది తల్లి. "ఆకలేసినా ఏడవదు. నేనే లేపి పాలియ్యాల."

అవ్వ మురిసిపోయింది. "దీన్ని కన్నప్పుడు" అని కూతురిని చూపించి, "ఊరు ఊరంతా లేచేట్టు ఏడ్చేది. ఈ బిడ్డ చూడు, ఇంట్లో ఉండాదో లేదో తెలీదు. మూడు రోజులకొకసారి దొడ్డికి పోతాది. ఏ బాధా లేదు మాకు."

"పుణ్యం చేసుకున్నారు" అన్నాను. "మా పెద్దోడు ఏడాది దాకా నన్ను కన్ను మూయనియ్యలేదు."

ముగ్గురం నవ్వుకున్నాం. బిడ్డ ఒంట్లో పసుపు ఇంకా పోలేదు. నాలుక కొంచెం బయటికి వచ్చి ఉంది. బొడ్డు ఉబ్బి ఉంది. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని అబద్ధమాడను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఒక్కొక్కటీ కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళు కాన్పులు చూసిన మనిషిని. ఆ నాలుగూ కలిపితే ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని. నా చేతిలోని ఫారంలో 'బిడ్డ ఆరోగ్యంగా ఉందా?' అని ఒకే ప్రశ్న, పక్కన రెండు గడులు. 'అవును' గడిలో టిక్కు పెట్టి, నీళ్ళ సీసాకు మూత బిగించుకుని జీపెక్కాను.

మరో రెండున్నర నెలలు గడిచాయి. ఒకరోజు ఉదయం నుంచీ కరెంటు లేదు. ల్యాబులో మిషన్లు ఆగిపోయాయి. టెక్నీషియన్ క్యారియరు పట్టుకుని నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పదకొండుకే ఇద్దరం అన్నాలు విప్పుకున్నాం. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, చాలా మామూలుగా అడిగాడు.

"ఆ ఉదయగిరి బిడ్డ ఎట్టుండాది సిస్టరమ్మా? మాత్రలకు తేరుకుందా?"

"ఏ బిడ్డ? ఏం మాత్రలు?"

ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది.

"థైరాయిడ్ మాత్రలమ్మా. గ్రంథి పనిచేయకపోతే పెరుగుతాదే, ఆ టీఎస్‌హెచ్ అంత ఎక్కువ నేను ఎప్పుడూ చూడలేదు. మిషను తప్పేమోనని మూడు సార్లు చేసినాను. పైకి మెయిల్ పెట్టినాను. రెండు సార్లు పెట్టినాను."

"నాకెవరూ చెప్పలేదే."

"మీకు చెప్పుంటారనుకున్నాను."

"నువ్వు చెప్పలేదే!"

"నాకు పేరు తెలీదు గదమ్మా. నంబరు ముందర ఉండే అక్షరాన్ని బట్టి ఉదయగిరి వైపని మాత్రం తెలుసు. మీ జీపు వారానికి రెండు సార్లు ఆ వైపే పోతా ఉండె. మాత్రలు ఇచ్చేదానికే పోతా ఉండారనుకుంటిని."

చేయి కడుక్కోకుండానే లేచి బీరువా తెరిచాను. ఆయన నంబరు చెప్పాడు. రిజిస్టరులో వేలు పెట్టి వెతికాను. పేరు కనిపించగానే చీర ఉయ్యాల, ఆ చల్లటి చేయి గుర్తొచ్చాయి. ఫలితం ఎప్పుడు వచ్చిందని అడిగాను. ఆయన ల్యాబులోకి వెళ్ళి తన నోటుపుస్తకం తెచ్చాడు. అందులో తారీఖు ఉంది. బిడ్డ పుట్టిన పదో రోజు.

ప్రాజెక్టుకు పెద్దగా ఉన్న డాక్టరు నగరంలో ఉండేవాడు. ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, అరిచేవాడు కాదు. ఎంత కోపం వచ్చినా 'మీరు' అనే అనేవాడు. అంతా విని, "మీరు ఆందోళన పడకండి. మనది స్క్రీనింగ్ ప్రోగ్రాం కాదు, రీసెర్చ్. ఒక్కొక్క ఫలితం విడిగా చెప్పడం మన ప్లానులో లేదు. మధ్యలో కోడ్ విప్పి ఏ నంబరు ఎవరిదో చూస్తే డేటా మొత్తం పాడవుతుంది. నెలాఖరు మీటింగులో దీన్ని ఎజెండాలో పెడదాం" అన్నాడు.

"సార్, బిడ్డకు నాలుగు నెలలు నిండినాయి."

"అర్థమైంది. అందుకే, మరో రెండు వారాల్లో పెద్ద తేడా ఉండదు."

ఈ మాట నేను మరిచిపోదామని చాలా ప్రయత్నించాను. నాలుగు నెలలు ఆలస్యం చేసినవాళ్ళు ఇంకో రెండు వారాలకు తేడా ఏముందంటున్నారు. ఫోన్ పెట్టేసి జీపు దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు కలువాయి మనిషి. పెద్దవాడు, ఎవరికీ లొంగడు.

"ఉదయగిరి పోవాలన్నా. అక్కడి నుంచి నెల్లూరికి."

"లాగ్ బుక్‌లో ఏమని రాసేది?"

"నేను బలవంతంగా తీసకపోయినానని రాయి."

ఆయన నా మొహం చూసి ఇంకేం అడగకుండా తాళాలు తీశాడు.

పల్లె చేరేసరికి ఒంటిగంట దాటింది. తల్లి కూలికి పోయింది, అవ్వ బిడ్డను చూసుకుంటోంది. నాలుగు నెలల బిడ్డ మెడ నిలబెట్టాలి, మనిషిని చూసి నవ్వాలి. నేను ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. నా కళ్ళలోకి చూడలేదు.

"ఏందమ్మే, అట్టా చూస్తా ఉండావు?" అంది అవ్వ. ఆమె గొంతులో అప్పటికే భయం ఉంది. బిడ్డలో ఏదో తేడా ఉందని ఆమెకు అప్పటికే తెలిసి ఉండాలి.

"పాపకు థైరాయిడ్ తక్కువుండాది అవ్వా. ఇప్పుడే నెల్లూరు పోదాం. కూతుర్ని పిలిపియ్యి."

నెల్లూరులో నాకు తెలిసిన పిల్లల డాక్టరమ్మ ఒకామె ఉండేది. సాయంత్రం ఐదుకల్లా ఆమె ముందు కూర్చున్నాం. ఆమె బిడ్డ నాలుక చూసింది, పొట్ట చూసింది, మెడ చూసింది. టెక్నీషియన్ రాసిచ్చిన చీటీ నేను ఆమె ముందు పెట్టాను. చదివి పెన్ను కింద పెట్టింది.

"ఈ రక్తం ఎప్పుడు తీశారు?"

"మూడో రోజు."

డాక్టరమ్మ మళ్ళీ పెన్ను అందుకుంది. రక్తపరీక్షకు రాసింది. మళ్ళీ చేయించాలి, కానీ మాత్ర మాత్రం దానికోసం ఆగకుండా మొదలుపెట్టాలంది. పెసరగింజంత మాత్ర. దాన్ని చెంచాలో నలిపి, తల్లిపాలు నాలుగు చుక్కలు కలిపి ఎలా పట్టాలో ఆ అమ్మాయికి చూపించింది. టీ తాగినంత ఖర్చు కూడా లేదు. అంత చిన్నది. నాలుగు నెలల పాటు అది ఆత్మకూరులో ప్రతి మందుల షాపులోనూ ఉంది.

బయటికి వస్తుంటే డాక్టరమ్మ నన్ను ఆపింది. "ఈ సంగతి వాళ్ళకు మీరే చెప్పాలి. నేను చెప్పను" అంది.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని, "దేవతలా వచ్చినావక్కా. నువ్వు చూడకపోయుంటే ఏమయ్యేది?" అంది. చెప్పాల్సింది అప్పుడే. నేను చెప్పిందేమిటో తెలుసా? "ఇప్పుడే తెలిసిందమ్మా, తెలిసిన వెంటనే వచ్చినాను" అన్నాను. ఒక్కొక్క ముక్కా నిజమే. మొత్తం కలిపితే అబద్ధం. ఇలాంటి అబద్ధాలు చెప్పడంలో మా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను మించినవాళ్ళు లేరు.

నెలాఖరు దాకా ఆగలేదు. మూడో రోజే పెద్ద డాక్టరు కారులో ఆత్మకూరు వచ్చాడు. పది మందిమి బల్ల చుట్టూ కూర్చున్నాం. నగరం నుంచి వచ్చిన ఇద్దరు కంప్యూటర్లు తెరుచుకుని తల ఎత్తలేదు. నేను కోడ్ విప్పి నియమం తప్పానని, దాని మీద రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని ఆయన మెల్లగా, మర్యాదగా చెప్పాడు.

నా పక్కన టెక్నీషియన్ కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన పంపిన మెయిళ్ళ ప్రింట్లు.

"సార్, నేను రెండు తూర్లు పంపినాను. రెండోదానికి మీ ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది. 'గమనించాము' అని. ఏం గమనించినారు సార్?"

పెద్ద డాక్టరు ఆ కాగితాలు తిరగేశాడు.

"ఇంకొక బిడ్డ ఉండాది" అన్నాడు టెక్నీషియన్ మళ్ళీ. "నిన్న చేసిన పరీక్షలో వచ్చింది. మీరు గమనించే లోపల ఆ బిడ్డకు కూడా నాలుగు నెలలు నిండుతాయి."

నాకు అది కొత్త సంగతి. నంబరు చెప్పమన్నాను. పెద్ద డాక్టరు చేయెత్తి ఆపాడు. కమిటీ అనుమతి లేకుండా ఇంకొక కోడ్ విప్పడానికి వీల్లేదన్నాడు.

"కమిటీ ఎప్పుడు కూర్చుంటాది సార్?"

"వచ్చే నెల."

అప్పుడు నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు. 'మీ డేటా పాడైపోతాదని బిడ్డను పాడు చేసినారు' అన్నానని తర్వాత టెక్నీషియన్ చెప్పాడు. గుర్తున్నది మాత్రం ఇది. నా ముందు ఖాళీ సంతకాల ఫారాల కట్ట ఉంది. ప్రతి ఫారం చివర, ఏదైనా ఫిర్యాదు ఉంటే ఫోన్ చేయమని ఎథిక్స్ కమిటీ నంబరు అచ్చు వేసి ఉంటుంది. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూడడానికి ఉన్న కమిటీ అది. అప్పటికి కొన్ని వందల మంది తల్లుల చేతుల్లో ఆ నంబరు పెట్టాను. ఒక్కరూ చేయలేదు. చేస్తారని మేమూ అనుకోలేదు. ఆ నంబరు ఫారం మీద ఉండాలి గనక ఉంది.

అందరి ముందే ఫోన్ తీసి ఆ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాను. చాలాసేపు మోగాక ఒకామె తీసింది.

"మీరు అధ్యయనంలో ఉన్న బిడ్డ తల్లా అండీ?"

"కాదు. రక్తం తీసిన మనిషిని."

రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. చివర్లో, "ఆ రెండో బిడ్డను ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అనుమతి కాగితం నేను సాయంత్రానికి పంపిస్తాను. ఎవరైనా అడ్డుచెబితే నా పేరు చెప్పండి" అంది. నెల పడుతుందన్న అనుమతి రెండు నిమిషాల్లో వచ్చింది. అడిగితే వచ్చేది. నాలుగు నెలలూ ఎవరూ అడగలేదు.

రెండో బిడ్డ కలువాయి వైపు. మగబిడ్డ, ఇరవై రోజుల వయసు. ఆ సాయంత్రమే మాత్ర పడింది. వాడు ఇప్పుడు బడిలో గోడలెక్కి దూకుతున్నాడని, వాళ్ళమ్మకు రోజూ ఫిర్యాదులేనని విన్నాను. ఒకే నీళ్ళు, ఒకే జబ్బు, ఒకే మాత్ర.

మొదటి బిడ్డ కూడా తేరుకుంది. మాత్ర మొదలుపెట్టిన పది రోజులకు కళ్ళు తిప్పి చూసింది. గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. కానీ రెండున్నరేళ్ళు దాటాక గాని నడవలేదు. ఇప్పుడు తనకంటే మూడేళ్ళు చిన్న పిల్లలతో కూర్చుని అక్షరాలు దిద్దుతోంది. నిన్న దిద్దింది ఇవాళ మరిచిపోతుంది.

కమిటీ వాళ్ళు వచ్చారు, ప్రాజెక్టును రెండు నెలలు ఆపారు. ఫలితం వచ్చిన వారంలో తల్లికి చెప్పాలని కొత్త నియమం పెట్టారు. అంతవరకు మేలే. టెక్నీషియన్ కాంట్రాక్టు మాత్రం ఆ ఏడాది పొడిగించలేదు. కారణం రాయలేదు. నన్ను నెల్లూరు ఆఫీసులో పాత ఫారాలు సర్దే గదికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆయన ఆత్మకూరు బస్టాండు వెనక సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకున్నాడు. అనుమానం వచ్చిన రిపోర్టును చేతికిచ్చేముందు మనిషిని కూర్చోబెట్టి చెప్తాడట. అందుకని ఆయన దగ్గర ఎప్పుడూ ఆలస్యమేనని జనం విసుక్కుంటారు.

మూడేళ్ళకు ప్రాజెక్టు వ్యాసం ఒక పెద్ద పత్రికలో అచ్చయింది. నెల్లూరు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు. నాకు ఇంగ్లీషు అంత రాదు. పక్క సీటు అమ్మాయిని కూర్చోబెట్టుకుని చదివించుకున్నాను. లోపం కనిపించిన బిడ్డల గురించి ఒకే ఒక వాక్యం ఉంది. వాళ్ళు 'చికిత్సకు పంపబడ్డారు' అని.

పంపబడ్డారు. ఎవరు పంపారు? ఎప్పుడు పంపారు? ఏ జీపులో? మీకు బడిలో కర్మణి వాక్యం నేర్పేటప్పుడు, పని ముఖ్యమై చేసినవాడు ముఖ్యం కానప్పుడు వాడతారని చెప్పి ఉంటారు. అది అబద్ధం. చేసినవాడు తప్పించుకోవాలనుకున్నప్పుడు వాడతారు. ఆ స్వీటు నేను తినలేదు. ఆ ఆదివారమే ఉదయగిరి బస్సెక్కాను.

ఆ అమ్మాయి ఇంటి ముందు కూర్చుని చేపలు తోముతోంది. అవ్వ లేదు, అంతకు ముందు ఏడాదే పోయింది. పాప గుమ్మం పట్టుకుని నిలబడి నన్ను చూస్తోంది. నన్ను చూడగానే ఆ అమ్మాయి చేతులు కడుక్కుని పీట వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మెట్ల దగ్గర చెప్పాల్సినది మూడేళ్ళ తర్వాత చెప్పాను. పరీక్ష ఫలితం ముందే వచ్చిందనీ, మా ఆఫీసులోనే పడి ఉండిందనీ, నేను నాలుగు నెలలకు వచ్చాననీ, ఇప్పుడే తెలిసిందని ఆ రోజు చెప్పింది సగమే నిజమనీ చెప్పాను. ఎవరి మీదైనా కేసు పెట్టాలంటే నేను వచ్చి సాక్ష్యం చెప్తానన్నాను.

ఆమె మళ్ళీ చేపల ముందు కూర్చుని ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఎన్నో రోజుకు తెలిసింది మీ ఆఫీసోళ్ళకు?"

"పదో రోజుకు."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. చేతిలోని చేపను నా మీదికి విసిరినా నిలబడేదాన్నే. ఆమె గొంతు పెంచలేదు.

"పదకొండో పొద్దు పాపకు పురుడు చేసినాం" అంది. "ఈ పక్క ఊర్లోనే పని మీద ఉండావని మా అమ్మే పిలిపిచ్చింది నిన్ను. నువ్వూ వచ్చినావు. పాపను ఒళ్ళో బెట్టుకోని అన్నం తిన్నావు. వంకాయ కూర బాగుండాదని మళ్ళీ ఏయించుకున్నావు."

నేను ఆ పురుడుకు వెళ్ళినట్టే నాకు గుర్తులేదు. పల్లెల్లో తిరిగే మనిషిని, ఎందరో పిలుస్తుంటారు, ఎన్నో ఇళ్ళలో తిని ఉంటాను. అక్కడ నిలబడి గుర్తు చేసుకోవాలని చూశాను. తిరిగి బస్సులోనూ చూశాను. తర్వాత ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. ఒళ్ళో బిడ్డ బరువు గాని, ఆ కూర రుచి గాని ఒక్కటీ గుర్తు రాదు.

ఆమెకు మాత్రం అంతా గుర్తుంది.